అతిమానుషులపై మనకేల మక్కువ?

కడుపు నిండిన పిమ్మట జంతువు నిద్రించును. మానవుడు కథ చెప్పుమని యడుగును. ఆ కథలో తాను ఎత్తలేని బరువును ఎత్తువాడును, తాను దాటలేని నీటిని దాటువాడును, తాను ఎదిరింపలేని దుర్మార్గుని ఎదిరించువాడును ఉండవలెను. చదువు వ్యాపించినకొలదియు, యంత్రములు పెరిగినకొలదియు ఈ కోరిక సన్నగిల్లునని కొందరు తలచిరి. అట్లు జరుగలేదు. పురాణము వినుట మానినవారు సినిమాకు పోవుచున్నారు. అచ్చటను వారు చూచునది అతిమానుషుడైన వీరునే. దీనిని పిల్లచేష్ట యని త్రోసివేయు పెద్దలు కలరు. జాతి యౌన్నత్యమునకు ఇదియే పునాది యని పొగడువారును కలరు. ఈ రెండు తీర్పులును తొందరపాటువే యని నా తలంపు.

హైదరాబాదునకు ఈశాన్యమున నాగారము మీదుగా సాగు బాట కీసరకు చేరును. అచ్చటి గుట్టమీద రామలింగేశ్వరాలయము కలదు. గుడి చుట్టును, బండల నడుమను, ఆరుబయట శివలింగములు చెదరి యున్నవి. స్థలపురాణము ఇట్లు చెప్పుచున్నది: రావణుని చంపిన దోషము తొలగుటకై శ్రీరాముడు ఇచ్చట శివలింగమును ప్రతిష్ఠింపదలచి, కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపెను. ముహూర్తము సమీపించెను, హనుమంతుడు రాలేదు. శివుడే ప్రత్యక్షమై లింగము నొసగగా రాముడు దానిని ప్రతిష్ఠించెను. అటుపిమ్మట హనుమంతుడు ఒకటి కాదు, 101 లింగములతో వచ్చి చేరెను. తన శ్రమ వ్యర్థమయ్యెనని కోపించి వానిని నలుదెసలకు విసరివైచెను. రాముడు అతని నోదార్చి, అతని తండ్రియైన కేసరి పేర ఈ గుట్ట కేసరిగిరియని వెలయునట్లు వరమిచ్చెను. కేసరిగిరియే కీసర యైనది.

ఈ గుట్టయందు విష్ణుకుండినుల కాలపు కట్టడములు త్రవ్వకములలో బయల్పడినవి. చరిత్రకారుల లెక్క వేరు. నాకు కావలసినది కథలోని యొక చిత్రము. సముద్రమును లంఘించినవాడు, మూలికల కొండను పెకలించి తెచ్చినవాడు, ఇచ్చట ఆలస్యముగా వచ్చెను. ఒకటి చాలునన్నచోట నూటికిపైగా తెచ్చెను గాని వేళకు తేలేదు. తన పని అక్కరలేకపోయెనను దుఃఖము, దానివెంట కోపము, చేతిలోనిది విసరికొట్టుట, ఇవి యన్నియు మన యిండ్లలో జరుగునవే. వంటయింటి గిన్నెలు సాక్ష్యము చెప్పగలవు. కొండను మోసిన చేతులకు గూడ ఉక్రోషము కలదని చెప్పిన జనులు మహావీరుని చిన్నబుచ్చలేదు. తమవానిగా చేసికొనిరి. ఏటేట మహాశివరాత్రికి వచ్చు వేలకొలది భక్తులు గర్భగుడిలోని లింగమును కొలుతురు. దారిలో ఆ విసరివేసిన లింగములకును మ్రొక్కుదురు. వేళకు అందని శ్రమకు గూడ పసుపుకుంకుమ లభించు స్థలమది.

ఇట్టి కథ యొకటి, నేటి అతిమానుషుల కథలు మరియొకటి. ఈ రెండవ జాతి యెట్లు పుట్టెనో కొంచెము విచారింతము. అమెరికాలోని క్లీవ్‌లాండు పట్టణమున జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు యువకులు, వలస వచ్చిన యూదుల బిడ్డలు, పనులు దొరకని కరవు దినములలో సూపర్‌మాన్ అను వీరుని కల్పించిరి. 1938లో అతడు బొమ్మల పత్రికలో వెలసెను. నేడు అతడు గ్రహములనే కదలించుచున్నాడు. నాడు ఎగురనైన ఎగురలేదు, మైలులో ఎనిమిదవ వంతు దూరము గంతువేయువాడు మాత్రమే. అంతకంటె గమనింపదగినవి అతడు తొలి సంచికలో చేసిన పనులు. మరణశిక్షకు సిద్ధముగా నున్న నిర్దోషియైన స్త్రీని కాపాడుట యొకటి. భార్యను కొట్టుచున్న మగని పట్టుకొని బుద్ధి చెప్పుట యొకటి. రాజధానిలో శాసనసభ్యుని లోబరచుకొనజూచు దళారిని బెదరించుట యొకటి. ఇవి దేవతల పనులు కావు. పొరుగింటి ఏడుపు వినిన యే మనుష్యుడైనను చేయదగినవి, చేయలేక ఊరకుండునవి. ఆ యిద్దరు యువకులు కోరినది బలముకొరకు బలము కాదు. న్యాయమునకు కండలు కలుగవలెనని.

రానురాను ఏమయ్యెను? గంతు ఎగురుటగా మారెను. వీరుని బలము పెరిగినకొలది శత్రువుల బలమును పెంచవలసి వచ్చెను. భూమిపై నతనికి తగిన పగవాడు దొరకక ఇతర లోకములనుండి తేవలసి వచ్చెను. భార్యను కొట్టు మగడు కథనుండి తప్పుకొనెను. అంతటి బలవంతునకు అంతటి చిన్న పని తగదు గదా. కల్పించినవారి సంగతి యింకను విచిత్రము. లోకములో నెల్లరికంటె బలవంతుడగు నా వీరునిపై సర్వస్వామ్యమును వారు 130 డాలర్లకు అమ్ముకొనిరి. చాలకాలము పోరాడి, 1975లో గాని తమ పేరును, కొంత భరణమును పొందలేకపోయిరి. వారిని గాపాడుటకు సూపర్‌మాన్ రాలేదు. చిత్రకారులును రచయితలును పత్రికలలో గొంతెత్తుటచేత పని జరిగెను.

మన తెలుగువారి సినిమాయే యొకటి ఈ జబ్బును బాగుగా పసిగట్టినది. ప్రశాంత్ వర్మ దర్శకత్వమున 2024 జనవరిలో వచ్చిన ‘హను-మాన్’ కథలో, చిల్లర దొంగతనములు చేసి తిరుగు పల్లెటి కుఱ్ఱవానికి ఒక మణివలన హనుమంతుని బలము లభించును. జనులు ఆ గంతులకును పోరాటములకును చప్పట్లు కొట్టిరి, అది సహజము. నన్ను నిలిపివేసినది మాత్రము ప్రతినాయకుని బాల్యము. వానికి చిన్ననాటినుండి మహావీరుడు కావలెనను పట్టుదల. కథలలోని మహావీరులెల్లరును తల్లిదండ్రులు లేనివారే యని గమనించి, ఆ కొరత తీర్చుకొనుటకు ఆ బాలుడు తన తల్లిదండ్రులనే మట్టుపెట్టును. ఇది వినోదముకొరకు చేసిన అత్యుక్తియే కావచ్చును, గాని దానియందు నిజము కలదు. వానికి కావలసినది మేలు చేయుట కాదు. మేలు చేయువానివలె కనబడుట. ఘనతకొరకు తపించు హృదయము ఈ రెంటిలో నేదో యొకదానివైపు మొగ్గును. ఎటు మొగ్గినదో చాలకాలము దానికే తెలియదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. అతిమానుషుని చూచినప్పుడు మనకు కలుగు సంతోషము ఎట్టిది? అందు నిజమైన ఆరాధన కొంత కలదని ఒప్పుకొందును. భుజములకు తువ్వాలు కట్టుకొని అరుగుమీదనుండి దూకు బాలునిలో కల్మషము లేదు. వాడు తనకంటె పెద్దవాడు కాజూచుచున్నాడు. పెద్దల సంతోషమునందు మాత్రము మరియొక పాలు చేరును. అది విడుదల పొందిన సంతోషము. ఎగురువానిని చూచి, ‘నీవేల యెగురవు?’ అని మనల నెవ్వరును అడుగరు. గుండునకు చావనివానిని చూచి, ‘నీవేల ఎదురు నిలువలేదు?’ అని యడుగరు. అనుకరింప శక్యముగాని ఘనత మనల నేమియు కోరదు. కావుననే దానిని అంత యుదారముగా మెచ్చుకొనగలము. అనుకరింప శక్యమైన ఘనత ఎదురుపడినచో మన మెప్పు నెమ్మదిగా జారుకొనును.

దీనికి మన చరిత్రలోనే నిదర్శనములు కలవు. వీరఘట్టమున 1882లో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు రొమ్ముపై ఏనుగును నిలుపుకొనెను. జనులు అతనిని కలియుగభీముడనిరి. భీముడనగానే సంగతి ముగిసినది; విజయనగరమున అతడు ఏండ్ల తరబడి చేసిన సాధన ఆ బిరుదు క్రింద కప్పబడిపోయెను. వాయుపుత్రునకు వ్యాయామశాలతో పని యేమి?

అల్లూరి సీతారామరాజు విషయమున ఇంతకంటె పెద్ద నష్టము జరిగినది. మన్యమున పోడు సేద్యమునకు అడవి చట్టములు అడ్డుపడెను. రోడ్డు పనులలో కూలివారికి సరియైన కూలి ముట్టలేదు. ఆ కష్టములనుండి 1922 నాటి తిరుగుబాటు పుట్టెను. ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడులు జరిగెను. తీసికొనిపోవు తుపాకుల పట్టికను వ్రాసి యిచ్చిపోయిన తిరుగుబాటుదారు లోకములో ఎందరుందురు? గాము గంటము దొర, గాము మల్లు దొర వంటి సహచరులు వెంట నడచిరి. అతనిని గుండు తాకదని మన్యమున ప్రతీతి. 1924 మే 7న గుండు తాకెను. 30 ఏండ్లైన నిండని ప్రాణము పోయెను. పిమ్మటను అతడు చావలేదని నమ్మినవారు చాలమంది. ఆ నమ్మకమును నేను హేళన చేయను. దిక్కులేనివారు తమ దిక్కును అంత త్వరగా చితికి అప్పగింపలేరు. కాని గుండు తాకనివాడు తుపాకికి ఎదురు నిలుచుటలో సాహసమేమున్నది? తాకునని యెరిగి నిలిచిన మనుష్యుని ధైర్యమును ఆ కథ దొంగిలించినది. సహచరులనును దొంగిలించినది. మల్లు దొర కారాగారవాసము ముగించుకొని, 1952లో విశాఖపట్టణము నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెనని మన బాలురలో ఎందరెరుగుదురు? 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రమున సీతారామరాజును, కొమరం భీమును కలిపి, పులులతోను అగ్నితోను ఆడించిరి. చరిత్రలో వారిరువురు కలిసికొన్నట్లు ఆధారము లేదు. చిత్రము కనులకు పండువే. దేశదేశముల వారు మెచ్చిరి. పోడును గూర్చియు, కూలిని గూర్చియు ఆ కనులు మరల ఎప్పుడు చూచునో!

ఇప్పుడు మరియొక తరహా ఘనతను చూతము. 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించిరి. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. పంతులుగారికి కండలు లేవు. బాల్యమునుండియు దగ్గుతో బాధపడిన దేహము. ఊరు ఎదురు తిరిగెను. వెలి వేయుదుమని బెదరించిరి, తరువాత వేసిరి. వంటవారు రామనిరి, నీరు తెచ్చువారు మానుకొనిరి. విద్యార్థులు కావలి నిలిచిరి; కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. ఇవి మన పుస్తకములలో ఉన్నవి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు చేసిన పనిని మాత్రము ఒక్క వాక్యములో దాటింతురు. ఆమె గోదావరినుండి నీళ్ళు తానే మోసికొని వచ్చెను. పెండ్లికి తానే వండెను.

ఆ వాక్యమువద్ద కొంచెము నిలువవలెను. గోదావరి యొడ్డునకు పోవు దారి వట్టి దారి కాదు. నీళ్ళరేవు ఊరి ఆడువారి సభ. నిన్నటివరకు పలుకరించినవారు నేడు ముఖము త్రిప్పుకొందురు. గుసగుసలు వినబడవలెననియే గుసగుసలాడుదురు. సభలో ఉపన్యసించు మగవానికి చప్పట్లు కొట్టువారు నలుగురైన ఉందురు. బిందెతో మెట్లెక్కు స్త్రీకి ఎవ్వరును కొట్టరు. ఒక్కసారి మోసిన చాలదు; పెండ్లియింటికి ఎన్ని బిందెలు కావలెనో ఇల్లు నడపు ప్రతివారును ఎరుగుదురు. ప్రతి బిందెకును ఆ మెట్లే, ఆ ముఖములే. ఇంతకును ఆమె ఆ సిద్ధాంతమును తాను కనిపెట్టినది కాదు. పెనిమిటి నమ్మినదానిని విచారించి తానును నమ్మి, దాని బరువును తలకెత్తుకొనినది. అదే నెలలో రెండవ వివాహమును జరిగెను. పిదప ఆశ్రయము వెదకుకొని వచ్చిన వితంతు బాలికలకు ఆమెయే తల్లి యయ్యెను. 1910లో మరణించువరకు ఆ పని విడువలేదు.

సంజీవి పర్వతము గొప్పదా, గోదావరి బిందె గొప్పదా యని తూచబోను. అట్టి తూకము వెఱ్ఱి. నేను చెప్పునది వేరు. సంజీవి పర్వతము మన యింటికి వచ్చి ‘నన్నెత్తుము’ అని యడుగదు. ఆ బిందె యడుగును. మన వీధిలో ఇతర కులమువారిని పెండ్లాడిన బిడ్డను అందరును వెలివేసిన దినమున, ఆ యింటికి పాలు పోయుటకు ఎవ్వరును పోని దినమున, అది మన గుమ్మమున నిలిచి యడుగును. మనము సినిమాకు పోవుటకు అది యొక కారణము కావచ్చును!

అట్లయిన ఈ మక్కువను బిడ్డలనుండి మాన్పవలెనా? వలదు. ఎత్తైన దానిని చూడని కన్ను తన యెత్తును ఎరుగలేదు. తువ్వాలు కట్టుకొని దూకు బాలుని తువ్వాలును లాగికొనుటవలన వాడు వివేకి కాడు, ఏడుచును. వానికి చెప్పు కథను మాత్రము పూర్తిగా చెప్పవలెను. మన నగర వీధులలో నేడు మరియొక విధమైన అతిమానుషులు వెలసియున్నారు. పరీక్షా ఫలితములు వెలువడిన మరునాడు కళాశాలల గోడలపైనను, ఫ్లెక్సీలపైనను బాలబాలికల ముఖములు, ప్రక్కన ర్యాంకులు. ఆ ముఖములు పాపము మంచి ముఖములే, శ్రమపడిన బిడ్డలే. ‘వానిని చూచి నేర్చుకొనుము’ అని తండ్రి తన బిడ్డకు చూపును. బిడ్డ చూచునది ఒక అంకె. నేర్చుకొనునది తాను ఆ అంకె కాదని. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన దినములలో ఎందరో విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలోనే పొరపాట్లు దొర్లెనని తరువాత తేలెను. ఒక బాలికకు తెలుగులో సున్న యని వేసినది దిద్దగా 99 అయ్యెను. ఆ బాలిక బ్రదికి యుండి దిద్దించుకొనెను.

కిష్కింధాకాండలో ర్యాంకుల పట్టిక యొకటి కలదు. మనము దానిని చదువుచును గమనింపము. సముద్రతీరమున వానరులు కూర్చుండి, ఎవరెంత దూరము దాటగలరో చెప్పుకొనిరి. గజుడు 10 యోజనములనెను. గవాక్షుడు 20 అనెను. అట్లు పెరిగి పెరిగి, జాంబవంతుడు ముసలితనమున 90 అనెను. అంగదుడు 100 దాటగలను గాని మరలి రాగలనో లేనో యనెను. పట్టిక పూర్తియయ్యెను. పని చేయవలసినవాడు అందులో లేడు! హనుమంతుడు ఒక ప్రక్కన మాటాడక కూర్చుండి యుండెను. బాల్యమున అల్లరి చేసినందులకు ఋషులిచ్చిన శాపముచేత తన బలమును తానెరుగడు. ఇతరులు జ్ఞాపకము చేసిన గాని అది మేల్కొనదు.

జాంబవంతుడు లేచి వానికడకు పోయెను. అంగదుని చూచి నేర్చుకొనుమని యనలేదు. 100కు తక్కువయైన సిగ్గుచేటనియు అనలేదు. నీ తల్లి ఎవ్వరు, నీవు ఎట్లు పుట్టితివి, పసితనమున ఉదయించు సూర్యుని పండనుకొని ఎట్లు ఎగిరితివి, క్రిందపడి దవడ ఎట్లు పగులగొట్టుకొంటివి, ఇదియంతయు ఓపికగా చెప్పెను. పడిన సంగతిని గూడ విడిచిపెట్టలేదు. ఆ ముసలివాడు 90 యోజనములు దాటలేదు, ఒక్క యోజనమును దాటలేదు. ఒక యువకుని ప్రక్కన కూర్చుండి వాని కథను వానికే చెప్పెను. ఇట్టి పని చేయుటకు అమ్మమ్మ చాలును, బడిపంతులు చాలును, అన్నయ్య చాలును. మన సినిమాలలో హనుమంతులు ఇందరుండగా జాంబవంతుని పేర చిత్రము తీయువా రెవ్వరును కానరారు; ఇండ్లలోనును ఆ స్థానము ఖాళీగానే యున్నట్లున్నది.

హనుమంతుడు పోయి వచ్చెను. సీత జాడ తెలిసినదని వానరులెల్లరు మురిసి కిష్కింధకు మరలుచు, దారిలో సుగ్రీవుని మధువనమున జొరబడిరి. కావలియైన దధిముఖుడు వలదన్నను వినక, అతనినే కొట్టి, తేనె త్రాగి, పాడి, పడి, నిద్రించిరి. దధిముఖుడు పోయి ఫిర్యాదు చేయగా సుగ్రీవుడు కోపింపలేదు. పని కానిదే వీరింత చెలరేగరని సంతోషించెను. ఆ వనములో సముద్రము దాటినవాడు ఒక్కడే. తక్కినవారును త్రాగిరి, 10 యోజనములని మొదట చెప్పిన గజుడును అందరితోపాటు కడుపార త్రాగెను.